పద్నాలుగో పేజీ

పాలు పొంగి పొయ్యి మీద పడుతున్నా ఎవరూ లేవలేదు.

తల్లి గోడకి ఆనుకుని కూర్చుంది. పిల్ల బల్ల దగ్గర కూర్చుంది. బల్ల మీద ఆ పుస్తకం ఉంది. నిన్న సాయంత్రం నుంచి అక్కడే ఉంది. దాన్ని ఎవరూ తీసి లోపల పెట్టలేదు.

తండ్రి స్నానం చేసి వచ్చి, పొయ్యి ఆపి, గిన్నెని రెండు చేతులతో పట్టుకుని కిందికి దించాడు. గుడ్డ వాడలేదు. ఆయన ఎప్పుడూ వాడడు.

"మా ఇంట్లో పట్టకారు కొనే పనే లేదు" అంది మంచం మీంచి నాయనమ్మ.

రోజూ అనే మాటే. రోజూ ఎవరో ఒకరు నవ్వేవాళ్ళు. ఈవేళ నవ్వలేదు. ముసలామె ముగ్గురి మొహాలూ చూసింది.

"ఏం, నా నోరు కూడా చేదైపోయిందా ఈ ఇంటికి?"



బీరువా తలుపుకి ఒక కాగితం అంటించి ఉంది. ఆరు నెలల నుంచి ఉంది. ఎక్స్‌రేలూ స్కానింగులూ తీసే చదువు, మెడికల్ ఇమేజింగ్ డిగ్రీలో చేరాలంటే ఏమేం కావాలో యూనివర్సిటీ వాళ్ళు రాసి పంపిన కాగితం. ఫిజిక్సులో, బయాలజీలో నూటికి అరవై రావాలి. పిల్లకి ఫిజిక్సు మొదటిసారి పోయింది. ఏడాది ఇంట్లో కూర్చుని మళ్ళీ రాసి అరవై నాలుగు తెచ్చుకుంది. కళ్ళు బాగున్నాయని డాక్టరు కాగితం కావాలి. టీకాల కాగితం కావాలి. కేసులేవీ లేవని పోలీసుల కాగితం కావాలి. ఒక్కొక్కటీ వచ్చినప్పుడల్లా తల్లి పెన్సిలుతో పక్కన గీత పెట్టింది.

చివరిదానికి గీత లేదు. ఆసుపత్రి ఎక్స్‌రే విభాగంలో నలభై గంటలు నిలబడి, చూసింది చూసినట్టు యూనివర్సిటీ ఇచ్చిన పుస్తకంలో రాసి, ఆ విభాగం పెద్ద చేత సంతకం పెట్టించుకు రావాలి. పేజీలకి అంకెలు వేసి ఉంటాయి. ఒక్క పేజీ చింపినా పుస్తకం చెల్లదు.

నలభై గంటలూ అయిపోయాయి. తండ్రి పనిచేసే చోటే అయిపోయాయి. పుస్తకం నిన్న సంతకం లేకుండా తిరిగి వచ్చింది. లోపల చిన్న చీటీ. "పద్నాలుగో పేజీ. వచ్చి కలవండి." అంతే.

ఈ రోజు సాయంత్రం నాలుగింటికి యూనివర్సిటీ కౌంటరు మూసేస్తారు.

"టీ పెట్టనా?" అన్నాడు తండ్రి.

"ఎవరికి?" అంది తల్లి.

ఆయన గ్లాసులు కడిగాడు. టీ పెట్టాడు. నాలుగు గ్లాసుల్లో పోసి, తన గ్లాసు గుప్పిట్లో పట్టుకుని కిందే కూర్చున్నాడు. పొగలు వస్తున్న గ్లాసు. పిల్ల ఆ చేతి వైపే చూస్తోంది. వేళ్ళ చివర చర్మం నున్నగా, పల్చగా మెరుస్తోంది. గోళ్ళ మీద నిలువునా గీతలు. ఆ చెయ్యి ఆమె పుట్టినప్పటి నుంచి చూస్తున్నదే.

"ఆ పేజీలో ఏముంది?" అన్నాడు తండ్రి.

"ఏదో ఉంది. మార్చి రాస్తుంది. మీరు తాగండి" అంది తల్లి.

"మార్చడానికి కుదరదమ్మా. అంకెలుంటాయి" అంది పిల్ల.

"అంకెలుంటాయని ఇప్పుడు తెలిసిందా? రాసేముందు తెలియలేదా? నలభై గంటలు నిలబడ్డావు. అంత పెద్ద ఆసుపత్రి. నీ కళ్ళకి మీ నాన్న ఒక్కడే ఆనాడా?"

"ఆ గదిలో ఉండేది నాన్నేగా."

"నోరు మూసుకో."

"నేనేం తిట్టి రాయలేదు."

"నిన్ను నోరు మూసుకోమన్నాను."

తండ్రి గ్లాసు కింద పెట్టాడు. "నా గురించా?" అన్నాడు.

నాయనమ్మ మంచం మీద లేచి కూర్చుంది.

"చదవవే. వాడి గురించి రాసింది వాడికి వినిపించడానికి ఏం రోగం? నేనూ వింటాను. మా వాడి గురించి ఇన్నాళ్ళకి ఎవరో ఒకరు పుస్తకంలో రాశారు."

తండ్రి చదువుకోలేదు. బస్సు నంబర్లు చదువుతాడు. గది నంబర్లు చదువుతాడు. మిగతావి ఎవరైనా చదివితే వింటాడు. పిల్ల తల్లి వైపు చూసింది. తల్లి మొహం గోడ వైపు తిప్పుకుంది. అప్పుడు పిల్ల పుస్తకం తెరిచి చదివింది. బళ్ళో పాఠం అప్పజెప్పినట్టు, ఎక్కడా ఆగకుండా చదివింది.

"సిబ్బంది భద్రత. ఎక్స్‌రే గది బయట గోడకి ఆరు మేకులు ఉన్నాయి. సిబ్బంది బ్యాడ్జీలు డ్యూటీ అయ్యాక వాటికి తగిలిస్తారు. ఎవరి ఒంటి మీద ఎంత కిరణం పడిందో బ్యాడ్జి చెబుతుంది. గదిలోకి వెళ్ళేటప్పుడు అది ఒంటి మీద ఉండాలి. సహాయకుడు గదిలోకి వెళ్ళేముందు తన బ్యాడ్జి తీసి మేకుకి తగిలించి వెళ్తాడు. బయటికి వచ్చాక మళ్ళీ పెట్టుకుంటాడు. కదిలే రోగుల్ని చేతులతో పట్టుకుంటాడు. చేతులకి తొడుగులు లేవు. నేను ఉన్న అయిదు రోజుల్లో పదకొండు సార్లు పట్టుకున్నాడు. పదకొండు సార్లూ బ్యాడ్జి బయటే ఉంది."

పుస్తకం మూసింది.

తండ్రి ఆ పుస్తకం అట్ట వైపు చూశాడు.

"అంతేనా?"

"అంతే."

"అయితే అది పెట్టుకుని లోపలికి వెళ్ళాలా?"

పిల్ల తల ఊపింది.

"పెట్టుకుని వెళ్తే పాడైపోదూ?"

"పాడవడానికే అది నాన్నా. నీ మీద ఎంత పడిందో దాని మీదా అంత పడాలి. మూడు నెలలకోసారి పంపితే వాళ్ళు చూసి చెబుతారు."

ఆయన వింటున్నాడో లేదో తెలియలేదు. తర్వాత నెమ్మదిగా మొదలుపెట్టాడు. ఆయన అన్ని మాటలు ఒక్కసారి మాట్లాడటం ఆ ఇంట్లో అరుదు.

"నేను మొదట చీకటి గదిలో పనిచేశాను. ఫిల్ములు కడిగే గది. ఫిల్ము పెట్టెలు కిరణాల గదిలో పెట్టకూడదు. పెడితే లోపలున్నవన్నీ నల్లబడిపోతాయి. ఒకసారి ఒకడు మర్చిపోయి పెడితే వాణ్ణి పనిలోంచి తీసేశారు. తర్వాత నాకు ఆ బ్యాడ్జి ఇచ్చారు. దీన్లో ఏముంటుంది సార్ అని అడిగాను. చిన్న ఫిల్ము ముక్క ఉంటుంది, జాగ్రత్త, పాడుచేస్తే నీదే పూచీ అన్నాడు అప్పటి పెద్దాయన. నేను పాడుచెయ్యలేదు. పందొమ్మిదేళ్ళు. మూడు నెలలకోసారి కాగితం వచ్చేది. నా పేరు పక్కన సున్నా ఉండేది. అందరిలోకీ నీదే శుభ్రంగా ఉంది అనేవాళ్ళు."

"అనేవాళ్ళు" అని మళ్ళీ ఒకసారి అన్నాడు.



"ఎన్నాళ్ళ నుంచి కాలదు ఆ చెయ్యి?" అని పిల్ల తల్లిని అడిగింది.

"నాకేం తెలుసు?"

"నీకు తెలుసు."

"అయిదారేళ్ళుంటుంది" అంది తల్లి, గోడకి చెప్పినట్టు. "మొదట ఉప్పూ పంచదారా వేళ్ళతో నలిపి చూసి చెప్పలేకపోయారు. నేను నవ్వాను."

"దానివల్లేనా అమ్మడూ?" అన్నాడు తండ్రి. చెయ్యి తిప్పి చూసుకుంటున్నాడు, ఎవరిదో చూసినట్టు.

"నాకు తెలీదు నాన్నా. డాక్టరు చూడాలి. బ్యాడ్జి మీద అంకె ఉంటే చెప్పేవాళ్ళు. సున్నా ఉంటే ఎవరూ ఏమీ అడగరు."

"మరి అక్కడున్నన్నాళ్ళూ నాకెందుకు చెప్పలేదు?"

పిల్ల గ్లాసు అంచుని గోరుతో గీకింది.

"మొదటి రోజు మర్చిపోయావేమో అనుకున్నాను. రెండో రోజు అదేదో పద్ధతేమో అనుకున్నాను. మూడో రోజు పెద్ద సారుని అడిగాను. చూసింది రాసుకో, అడక్కు అన్నాడు. నాలుగో రోజు అందరి ముందూ నీకు చెప్పడానికి నాకు నోరు రాలేదు. అయిదో రోజు రాసేశాను."

"చెప్పడానికి నోరు రాలేదు, రాయడానికి చెయ్యి మాత్రం వచ్చింది" అంది తల్లి.

టీలు చల్లారిపోయాయి.

తండ్రి లేచి చొక్కా తొడుక్కున్నాడు. తల్లి లేచి వచ్చి ఎదురుగా నిలబడి బొత్తాలు పెట్టింది. రెండేళ్ళ నుంచి ఆమే పెడుతోంది. బొత్తాం కన్నంలోకి ఎక్కించడం ఆయనకి చేతకావడం లేదు. "కొత్త పెళ్ళికొడుకు బయల్దేరాడు" అని నాయనమ్మ రోజూ వెక్కిరించేది. ఈవేళ ఆమె దుప్పటి కొస సరిచేసుకుంటూ కూర్చుంది. తల్లి వరసగా పెట్టుకుంటూ వచ్చి, చివరి బొత్తాం దగ్గర ఆగిపోయింది. దాన్ని పట్టుకునే ఉంది.

"బస్సు పోతుంది" అన్నాడు ఆయన.

ఆమె బొత్తాం పెట్టింది.

"పద" అన్నాడు పిల్లతో. "పుస్తకం తీసుకో."

*

బస్సులో ఇద్దరూ పక్కపక్కన కూర్చున్నారు. ఏడో స్టాపు దగ్గర ఆయన అన్నాడు.

"నా పేజీ లేకపోయినా నీ చదువుకి వచ్చే లోటేం లేదుగా?"

"లేదు."

"అయితే సారు ఏం చెయ్యమంటే అది చెయ్యి."

"సరే నాన్నా."

ఎక్స్‌రే విభాగం ఆసుపత్రి కింది అంతస్తులో ఉంది. పొడుగాటి వసారా. గోడ వారగా బల్లలు. బల్లల మీద చేతులు పట్టుకుని కొందరు, నడుములు పట్టుకుని కొందరు. చివర సీసపు రేకు కొట్టిన బరువైన తలుపు, దాని పైన ఎర్ర దీపం. తలుపు పక్కన గోడకి ఆరు మేకులు. డ్యూటీ ఎక్కినవాళ్ళవి నాలుగు ఖాళీగా ఉన్నాయి. మిగతా రెండిటికీ బ్యాడ్జీలు వేలాడుతున్నాయి. ఒకటి సెలవులో ఉన్నవాడిది. ఒకటి తండ్రిది.

"వచ్చాడయ్యా ఉడుం" అంది కాగితాలు రాసే ఆమె. ఆసుపత్రిలో ఆయన్ని అందరూ ఉడుం అనే అంటారు. ఆయన పట్టుకుంటే ఎంత పెనుగులాడే రోగి అయినా కదలడు. ఎక్స్‌రే మొదటిసారికే సరిగ్గా వస్తుంది. "ఇవాళ కూతుర్ని కూడా పనిలో పెడుతున్నావా ఏంటి?"

ఆయన మేకు మీంచి తన బ్యాడ్జి తీసి జేబుకి పెట్టుకున్నాడు. ఆమె మాట తనకి కాదన్నట్టు లోపలికి నడిచాడు.

సంతకం పెట్టాల్సిన పెద్ద టెక్నీషియన్ తన గదిలో ఉన్నాడు. ఇంకో నాలుగేళ్ళలో రిటైరవుతాడు. చెడ్డవాడు కాదు. తండ్రి ఉద్యోగం పర్మినెంటు చేయించింది ఆయనే. పిల్లని నలభై గంటలు నిలబడనిచ్చిందీ ఆయనే.

"కూర్చోమ్మా" అన్నాడు. తండ్రిని కూర్చోమనలేదు. తండ్రీ కూర్చోలేదు.

"నువ్వు బాగా రాశావు. నిజం చెప్పాలంటే ఇంత బాగా రాసినవాళ్ళు లేరు. కానీ అమ్మా, ఈ పేజీ మీద నేను సంతకం పెడితే ఏమవుతుందో తెలుసా?"

పిల్ల పుస్తకం ఆయన ముందు పెట్టింది.

"సిబ్బంది అందరూ బ్యాడ్జీలు పెట్టుకునే పనిచేస్తున్నారని మూడు నెలలకోసారి నేను రాసి పంపుతాను. పదకొండేళ్ళ నుంచి పంపుతున్నాను. ఆ కాగితాల మీదా నా సంతకమే, దీని మీదా నా సంతకమే. ఏది నిజమయ్యా అని అడిగితే నేనేం చెప్పాలి?"

"మీరు చూడలేదా సార్?" అంది పిల్ల.

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"చూశాను. అలవాటైపోయింది. రోజూ చూసేదాన్ని మనిషి చూడడమ్మా." తండ్రి వైపు తిరిగాడు. "నేను నీకు చెప్పి ఉండాల్సింది. సీసపు ఏప్రన్ వేసుకోమని అయితే చెప్పాను. చెప్పానా లేదా?"

"చెప్పారు సార్. అది వేసుకుంటే మనిషిని ఎత్తడానికి వంగలేను."

"అదీ సంగతి. నువ్వు పట్టుకోకపోతే ఎవరు పట్టుకుంటారు? ఇక్కడ ఎవరున్నారు?"

సొరుగు లాగి కొత్త పుస్తకం ఒకటి తీశాడు. అదే అట్ట, అదే ముద్ర.

"పోయినేడు ఒకమ్మాయి వస్తానని రాలేదు. ఆమెకని యూనివర్సిటీ పంపింది మిగిలిపోయింది. అక్కడ కూర్చుని ఇది మొత్తం దీన్లోకి ఎక్కించు. పద్నాలుగో పేజీలో గోడలకి సీసం ఉంది, తలుపు మీద దీపం ఉంది అని రాయి. అదీ నిజమేగా. పన్నెండు లోపల అయిపోతుంది. సంతకం పెట్టేస్తాను. నాలుగింటి దాకా నీకు బోలెడు టైముంది."

పిల్ల తండ్రిని చూసింది. తండ్రి తల ఊపాడు.

ఆమె వసారాలో బల్ల మీద కూర్చుని రాయడం మొదలుపెట్టింది. పాత పుస్తకం ఎడమ పక్క, కొత్తది ఒళ్ళో. ఏడుపు రాలేదు. కోపమూ రాలేదు. అక్షరాలు వాటంతట అవే పడుతున్నాయి. ఒకటో పేజీ. రెండో పేజీ. రోగి పేరు రెండుసార్లు అడగాలి. నగలు తీయించాలి. గర్భం ఉందేమో అడగాలి. ఎనిమిదో పేజీ. ఊపిరి బిగబట్టమని చెప్పాలి. పదకొండు. పన్నెండు.

పదమూడో పేజీలో ఉండగా బండి మీద ఒక ముసలామెని తెచ్చారు. తుంటి విరిగింది. తలా చేతులూ ఆగకుండా వణుకుతున్నాయి. వెంట వచ్చిన కోడలు వసారా అంతా వినపడేలా చెబుతోంది. "ఆగమంటే ఆగదు. నిద్దట్లో తప్ప ఆగదు. ఆవిడ వణుకు ఆవిడ చేతిలో లేదు."

"ఉడుం!" అని లోపల్నించి కేక.

తండ్రి వచ్చాడు. ముసలామె మీదికి వంగి, "భయపడకమ్మా, రెండు నిమిషాలు" అన్నాడు. బండిని తలుపు దాకా తోశాడు. తలుపు దగ్గర ఆగి, చూడకుండానే, పందొమ్మిదేళ్ళ నుంచి చేసినట్టే, జేబు దగ్గరికి చెయ్యి పోనిచ్చి బ్యాడ్జి తీశాడు. మేకు మీదికి చెయ్యి ఎత్తాడు.

చెయ్యి అక్కడే ఉండిపోయింది.

పిల్ల రాయడం ఆపింది. తన గది గుమ్మంలో పెద్ద టెక్నీషియన్ నిలబడి ఉన్నాడు.

తండ్రి చెయ్యి దించాడు. బ్యాడ్జిని మళ్ళీ జేబుకి పెట్టుకోబోయాడు. క్లిప్పు వేళ్ళకి తెలియక జారి కింద పడింది. వంగి తీసుకున్నాడు. మళ్ళీ పెట్టబోయాడు. మళ్ళీ జారింది. మూడోసారి ముసలామె కోడలు, "ఇలా ఇవ్వన్నా" అని తీసుకుని ఆయన జేబుకి పెట్టింది. అదేమిటో ఆమెకి తెలియదు.

"ఇదిగో" అన్నాడు పెద్ద టెక్నీషియన్. "ఇవాళ వద్దు. ఇవాళ అలవాటు ప్రకారం వెళ్ళు. పందొమ్మిదేళ్ళు సున్నా వచ్చినవాడికి ఉన్నట్టుండి అంకె వస్తే నన్ను అడగరూ?"

"అడుగుతారు సార్" అన్నాడు తండ్రి.

బండి తోసుకుని లోపలికి వెళ్ళాడు. తలుపు మూసుకుంది. ఎర్ర దీపం వెలిగింది.

వసారాలో అందరూ తమ నొప్పులు తాము చూసుకుంటున్నారు. పిల్ల ఆ దీపాన్నే చూస్తోంది. ఆరింది. మళ్ళీ వెలిగింది. ఆరింది. మేకు ఖాళీగా ఉంది.

బండి బయటికి వచ్చింది. ముసలామెని కోడలికి అప్పగించి, తండ్రి నేరుగా పిల్ల దగ్గరికి వచ్చాడు. పక్కన కూర్చున్నాడు. పని వేళలో ఆయన ఆ బల్ల మీద కూర్చోవడం ఇంతవరకూ ఎవరూ చూడలేదు.

"ఎంత దాకా వచ్చింది?"

"పదమూడు."

ఆయన పాత పుస్తకం ఒళ్ళోకి తీసుకున్నాడు. వేలు తడి చేసుకుని పేజీలు తిప్పబోయాడు. రెండేసి, మూడేసి కలిసి తిరిగాయి. పన్నెండు వచ్చింది. తర్వాత పదహారు వచ్చింది. మళ్ళీ వెనక్కి తిప్పాడు. మళ్ళీ పన్నెండే. పిల్ల చెయ్యి చాపి పద్నాలుగు తీసి పెట్టింది.

"ఎన్నిసార్లు అని రాశావు?"

"పదకొండు."

"దాని కింద ఈవేళ తేదీ వేసి ఇంకోటి రాయి. బ్యాడ్జి పెట్టుకుని వెళ్ళాడని కూడా రాయి."

"నాన్నా, దీని మీద సంతకం పెట్టరు. సీటు పోతుంది."

"చూసింది రాయమన్నారుగా?"

పిల్ల రాసింది. రెండు లైన్లు. ఆయన అక్షరాలు చూడలేదు, పెన్ను కదలడం చూశాడు. అయిపోయాక పుస్తకం తీసుకుని వెళ్ళి పెద్ద టెక్నీషియన్ బల్ల మీద తెరిచి పెట్టాడు. కొత్త పుస్తకం కూడా పక్కన పెట్టాడు. పదమూడో పేజీ సగంలో ఆగి, పద్నాలుగు తెల్లగా ఉంది.

"దేని మీద సంతకం పెడితే అది తీసుకెళ్తుంది సార్" అన్నాడు. "నేను బయట ఉంటాను."

గోడ మీద గడియారం పదకొండూ ఇరవై చూపిస్తోంది. పెద్ద టెక్నీషియన్ పెన్ను మూత తీశాడు. రెండు పద్నాలుగో పేజీలనీ మార్చి మార్చి చూశాడు. తర్వాత లేచి, గది తలుపు లోపల్నించి వేసుకున్నాడు.